కెర్నెల్‌కి పహాణీ ఎవరిచ్చారు?

వర్చువల్ మెషీన్ తయారు చేసేటప్పుడు మెమరీ దగ్గర 2048 ఎంబీ అని పెడతాం. ఉబుంటు బూట్ అయ్యాక ఫ్రీ అనే కమాండ్ కొడితే మొత్తం 1900 పైచిలుకు ఎంబీయే చూపిస్తుంది. "ఏదో సిస్టమ్ వాడుకుంటుందిలే" అని మనలో చాలామంది వదిలేస్తాం. కానీ ఆ కాస్త తేడా వెనక మన ఓఎస్ సిలబస్ పెద్దగా పట్టించుకోని ఒక ప్రశ్న ఉంది. అసలు కెర్నెల్‌కి తన దగ్గర ఎంత మెమరీ ఉందో ఎవరు చెప్పారు? వాళ్లు చెప్పింది అది ఎందుకు నమ్మింది?

క్లాసులో మెమరీ మేనేజ్‌మెంట్ అంటే పేజింగ్‌తో మొదలుపెడతాం. ఫ్రేములు ఉన్నాయి, ఫ్రీ లిస్టు ఉంది, అలొకేటర్ ఉంది అని ముందే అనేసుకుని లెక్కలు చేస్తాం. ఆ లిస్టు తయారు కాకముందు గడిచే కొద్దిపాటి సమయం గురించే ఈ వ్యాసం. అది కూడా హైపర్‌వైజర్ కింద నడిచే కెర్నెల్ గురించి. ఎందుకంటే అక్కడ ఒకే మెషీన్ మీద ఒకరికొకరు తెలియని మనుషుల వర్చువల్ మెషీన్లు పక్కపక్కనే ఉంటాయి. మెమరీ ఎవరిదో తేల్చే లెక్క తప్పితే, ఒకరి పాస్‌వర్డ్ ఇంకొకరి చేతిలో పడుతుంది.

ముందు మామూలు కంప్యూటర్

హైపర్‌వైజర్ లేని కంప్యూటర్‌తో మొదలుపెడదాం. కెర్నెల్ మొదటిసారి నిద్ర లేచింది. ఎంత ర్యామ్ ఉందో తెలియదు. "ప్రతి అడ్రస్‌లో ఒక నంబర్ రాసి, మళ్లీ చదివి చూస్తే సరిపోతుంది కదా" అనిపిస్తుంది. కుదరదు. అడ్రస్ ఉన్నంత మాత్రాన అక్కడ ర్యామ్ ఉన్నట్టు కాదు. కొన్ని అడ్రస్‌ల వెనక గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది, కొన్నిటి వెనక నెట్‌వర్క్ కార్డు రిజిస్టర్లుంటాయి, కొన్ని ఫర్మ్‌వేర్ సొంతానికి పెట్టుకున్నవి. పరీక్ష కోసం అక్కడ ఏదో రాస్తే ఆ పరికరం దాన్ని ఆజ్ఞ అనుకుని పని మొదలుపెట్టేయొచ్చు.

అందుకని కెర్నెల్ వెతకదు, అడుగుతుంది. ఊళ్లో భూమి సంగతి తెలియాలంటే పొలాల్లో తిరిగి తవ్వి చూడం కదా. పహాణీ చూస్తాం, ఆంధ్ర వైపైతే అడంగల్ అంటారు. ఈ సర్వే నంబర్ పట్టా, ఇది పోరంబోకు, ఇది కాలువ అని అందులో రాసి ఉంటుంది. పీసీల్లో అలాంటి పహాణీ పేరు ఈ820. వినడానికి ఏదో మోడల్ నంబర్‌లా ఉంటుంది గానీ, బయాస్‌ని మెమరీ మ్యాప్ అడగడానికి రిజిస్టర్‌లో పెట్టాల్సిన విలువ అది. అదే పేరైపోయింది. అడిగిన ప్రతిసారీ బయాస్ ఒక ఎంట్రీ ఇస్తుంది. మొదలు ఎక్కడ, పొడవు ఎంత, రకం ఏమిటి, అంతే, 20 బైట్లు. రకం 1 అయితే వాడుకోవచ్చు, 2 అయితే ముట్టుకోకూడదు. కొత్త మెషీన్లలో బయాస్ స్థానంలో యూఈఎఫ్ఐ ఉంటుంది. అది తన పద్ధతిలో మ్యాప్ ఇస్తే, లినక్స్ దాన్ని కూడా ఈ820 రూపంలోకే మార్చుకుంటుంది.

మీ వర్చువల్ మెషీన్‌లో బూట్ లాగ్ తెరిస్తే దాదాపు మొదట్లోనే ఈ పట్టిక కనిపిస్తుంది. పాత బయాస్ పద్ధతిలో బూట్ అయితే తొలి ఎంట్రీ చాలాసార్లు 0 నుంచి 639 కేబీ దాకా ఉంటుంది. ఆ పైన 1 ఎంబీ వరకు వీడియో మెమరీ, రామ్‌లు కావు రోమ్‌లు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ గీసిన గీత అది. 640 కేబీ పైన ప్రోగ్రాములకి చోటు లేదని అప్పుడు గీశారు, ఇప్పటికీ మన మ్యాప్‌లో ఆ గీత అలాగే ఉంది. ఊరు ఎంత మారినా పాత సర్వే రాయి కదలనట్టు.

అలొకేటర్ లేకుండా అలొకేషన్

మ్యాప్ వచ్చింది. ఇప్పుడు రెండో చిక్కు. ప్రతి పేజీ గురించి లెక్క రాసుకోవాలంటే మెమరీ కావాలి. మెమరీ కావాలంటే అలొకేటర్ కావాలి. అలొకేటర్ పని చేయాలంటే ప్రతి పేజీ గురించి లెక్క ఉండాలి. చెట్టు ముందా విత్తు ముందా!

లినక్స్ దీనికి పెట్టుకున్న తాత్కాలిక ఏర్పాటు పేరు మెమ్‌బ్లాక్. ఇది చాలా మోటు పరికరం. రెండే జాబితాలు. ఒకటి ఉన్న మెమరీ, రెండోది ఎవరో ఒకరు తీసేసుకున్న మెమరీ. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేదే ఖాళీ. మరి ఈ జాబితాలు ఎక్కడ ఉంటాయి? కెర్నెల్ ఫైల్‌లోనే, ముందే కేటాయించిన అరేల్లో. మొదట ఒక్కో అరేకి 128 గడులు. అంటే విత్తనాన్ని కంపైల్ చేసేటప్పుడే జేబులో వేసి పంపించారన్నమాట.

కెర్నెల్ ముందుగా తన కోడ్ ఉన్న చోటుని రెండో జాబితాలో వేసుకుంటుంది. లేకపోతే తన మీద తనే రాసుకుని చచ్చిపోతుంది. తర్వాత ఇనిట్‌ఆర్‌డీ ఉన్న చోటు, ఫర్మ్‌వేర్ టేబుళ్లు ఉన్న చోటు. ఆ తర్వాతే కొత్తగా మెమరీ తీసుకోవడం మొదలుపెడుతుంది. అన్నీ సర్దుకున్నాక మిగిలిన పేజీలని అసలు అలొకేటర్ చేతిలో పెట్టి మెమ్‌బ్లాక్ పక్కకి తప్పుకుంటుంది.

మొదట్లో అడిగిన 2048 ఎంబీ లెక్కకి ఇక్కడ సగం జవాబు దొరుకుతుంది. 2 జీబీ అంటే 4 కేబీ పేజీలు 5,24,288. ఒక్కో పేజీ గురించి లినక్స్ మామూలుగా 64 బైట్ల రికార్డు పెట్టుకుంటుంది. గుణిస్తే సరిగ్గా 32 ఎంబీ. ఖర్చు మెమరీలో 64వ వంతు. దానికి కెర్నెల్ కోడ్, డేటా, రిజర్వు ముక్కలు కలిపితే మాయమైన ఎంబీలు ఎక్కడికి పోయాయో తెలుస్తుంది. పోలేదు, లెక్క రాయడానికే ఖర్చయ్యాయి.

ఇప్పుడు పహాణీ రాసేది ఎవరు?

వర్చువల్ మెషీన్‌లో బయాస్ కూడా సాఫ్ట్‌వేరే. కేవీఎం సంగతి చూద్దాం. ఇది 2007లో లినక్స్ 2.6.20తో కెర్నెల్‌లోకి వచ్చింది. దానితో పాటు సాధారణంగా క్యూఈఎంయూ అనే ప్రోగ్రాం నడుస్తుంది. హోస్ట్ దృష్టిలో క్యూఈఎంయూ మన బ్రౌజర్ లాంటి మామూలు ప్రాసెస్. అది హోస్ట్‌ని 2 జీబీ వర్చువల్ అడ్రస్ స్పేస్ అడిగి తీసుకుంటుంది. "గెస్ట్‌లో అడ్రస్ 0 అంటే నా ప్రాసెస్‌లో ఫలానా చోటు" అని కేవీఎంకి చెబుతుంది. లోపల నడిచే సీబయాస్‌కి మెమరీ ఎంతో కూడా చెబుతుంది. గెస్ట్ కెర్నెల్ ఈ820 అడిగితే సీబయాస్ ఆ మాటే అప్పజెప్పుతుంది.

గమనించండి, ఈ క్షణానికి ఆ 2 జీబీలో చాలా భాగానికి అసలు ర్యామ్ కేటాయించలేదు. గెస్ట్ ఒక పేజీని మొదటిసారి ముట్టుకున్నప్పుడు, "దీని వెనక ఏమీ లేదు" అని ప్రాసెసర్ ఆగి కేవీఎంని పిలుస్తుంది. అప్పుడు హోస్ట్ ఒక నిజమైన పేజీ తెచ్చి పెడుతుంది. గెస్ట్ మటుకు అంతా ముందు నుంచీ ఉందనే అనుకుంటుంది. దానికి ఏ తేడా కనిపించదు.

ఇంత సాఫీగా జరగడానికి కారణం హార్డ్‌వేర్. గెస్ట్ పేజీ టేబుల్ ఒక మెట్టు, హైపర్‌వైజర్ పేజీ టేబుల్ రెండో మెట్టు. రెండూ ప్రాసెసరే నడుచుకుంటూ వెళ్తుంది. ఏఎండీ దీన్ని 2007లో బార్సిలోనా ప్రాసెసర్లతో, ఇంటెల్ 2008లో నెహాలెమ్‌తో తెచ్చాయి. ఖర్చు లేకపోలేదు. మామూలుగా నాలుగు మెట్ల పేజీ టేబుల్‌కి నాలుగుసార్లు మెమరీ చదివితే చాలు. ఈ రెండంచెల నడకలో అది గరిష్ఠంగా 24 సార్లు అవుతుంది.

మరి అంతకు ముందు? అక్కడే ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం ఉంది.

నిజం చెప్పేద్దాం అన్న జెన్

2003లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ ల్యాబొరేటరీ వాళ్లు జెన్ అనే హైపర్‌వైజర్ గురించి పేపర్ ప్రచురించారు. అప్పటికి ఎక్స్86 ప్రాసెసర్లలో వర్చువలైజేషన్‌కి హార్డ్‌వేర్ సాయం లేదు. గెస్ట్‌ని పూర్తిగా మభ్యపెట్టాలంటే, అది రాసుకునే ప్రతి పేజీ టేబుల్‌కి వెనక దొంగచాటుగా అసలు టేబుల్ ఇంకొకటి ఉంచి, రెండిటినీ ఎప్పటికప్పుడు సరిచూస్తూ ఉండాలి. అది చాలా నెమ్మది. జెన్ వాళ్లు వేరే దారి పట్టారు. గెస్ట్‌ని మభ్యపెట్టడం మానేసి, "నువ్వు హైపర్‌వైజర్ కింద ఉన్నావు, దానికి తగ్గట్టు నడుచుకో" అని చెప్పేశారు. దీనికోసం లినక్స్‌లో మార్చింది దాదాపు 3000 లైన్లే. దీన్నే పారావర్చువలైజేషన్ అంటారు.

ఇలాంటి గెస్ట్‌కి బయాస్ లేదు. 16 బిట్ మోడ్‌లో నిద్ర లేవడం లేదు. కళ్లు తెరిచేసరికే పేజింగ్ ఆన్‌లో ఉంటుంది, మొదటి పేజీ టేబుళ్లు వేరేవాళ్లు కట్టిపెట్టి ఉంటారు. ఒక రిజిస్టర్‌లో ఒక పేజీ అడ్రస్ ఉంటుంది. ఆ పేజీలో నీకు ఎన్ని పేజీలిచ్చాం, నీ పేజీ టేబుల్ ఎక్కడుంది, నీ ఇనిట్‌ఆర్‌డీ ఎక్కడుంది, నీ కమాండ్ లైన్ ఏమిటి అని రాసి ఉంటుంది. హాస్టల్‌లో చేరిన రోజు చేతిలో పెట్టే కాగితం లాంటిది. అందులోనే ఇంకో ముఖ్యమైన వివరం, ఒక పెద్ద పట్టిక ఎక్కడుందో.

ఆ పట్టిక ఎందుకంటే, జెన్ ఇచ్చే పేజీలు అసలు ర్యామ్‌లో ఒకచోట ఉండవు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడివి. కానీ కెర్నెల్‌కి 0, 1, 2, 3 అని వరసగా ఉంటేనే పని సులువు. అందుకని రెండు నంబర్లు పెట్టారు. రియల్ ఎస్టేట్ వెంచర్‌లో మనకి ప్లాటు నంబర్ 5 అని చెబుతారు, ప్రభుత్వ రికార్డులో దాని సర్వే నంబర్ వేరే ఉంటుంది. అలాగే గెస్ట్‌కి పేజీ 5, నిజం మెషీన్‌లో అది ఫ్రేమ్ 9,18,204 కావచ్చు. ప్లాటు నంబర్ నుంచి సర్వే నంబర్‌కి వెళ్లే పట్టిక గెస్ట్ దగ్గర ఉంటుంది. ఒక్కో ఎంట్రీ 8 బైట్లు, కాబట్టి 1 జీబీ గెస్ట్‌కి 2 ఎంబీ పట్టిక. సర్వే నంబర్ నుంచి ప్లాటు నంబర్‌కి వెనక్కి వచ్చే పట్టిక జెన్ దగ్గర ఉంటుంది. గెస్టులు దాన్ని చదవొచ్చు, మార్చలేవు.

పేజీ టేబుల్‌లో రాయాల్సింది సర్వే నంబరే. ఎందుకంటే దాన్ని చదివేది ప్రాసెసర్, దానికి వెంచర్ సంగతులు తెలియవు. సరిగ్గా ఇక్కడే ప్రమాదం. గెస్ట్ కెర్నెల్ తన పేజీ టేబుల్‌లో తనది కాని ఫ్రేమ్ నంబర్ ఒక్కటి రాసుకుంటే చాలు, పక్కవాడి మెమరీ మొత్తం చదివేయగలదు. మన పేరు మీద పక్కవాడి పొలం మనమే రికార్డులో రాసేసుకున్నట్టు.

అందుకే జెన్ ఒక నియమం పెట్టింది. పేజీ టేబుల్‌గా వాడుతున్న పేజీలని గెస్ట్ చదవగలదు, నేరుగా రాయలేదు. మార్చాలంటే హైపర్‌కాల్ చేయాలి, అంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి దరఖాస్తు పెట్టుకోవాలి. జెన్ రెండు విషయాలు చూస్తుంది. ఈ ఫ్రేమ్ నిజంగా నీదేనా? నువ్వు రాసే హక్కుతో అడుగుతున్న ఈ పేజీ, ఇప్పటికే ఎక్కడో పేజీ టేబుల్‌గా వాడుకలో ఉందా? రెండో ప్రశ్నే అసలు కిటుకు. పేజీ టేబుల్ ఉన్న పేజీకి వేరే దారిలో రాసే హక్కు దొరికితే, మొదటి తనిఖీకి అర్థమే ఉండదు. దొడ్డిదారిన వెళ్లి రికార్డు దిద్దేయొచ్చు. అందుకే ప్రతి ఫ్రేమ్‌కి జెన్ ఒక రకం, ఒక లెక్క పెట్టుకుంటుంది. ఒక ఫ్రేమ్ ఒకే సమయంలో పేజీ టేబుల్‌గానూ, రాయగలిగే పేజీగానూ ఉండటానికి వీల్లేదు.

ఈ నియమం చెప్పడానికి తేలికే, బూట్ మొదట్లో పాటించడమే కష్టం. లినక్స్ తన ర్యామ్ మొత్తాన్ని ఒకే వరసలో కనిపించేలా మ్యాప్ చేసుకుంటుంది. ఆ మ్యాప్ కట్టడానికి కొత్త పేజీ టేబుళ్లు కావాలి. ఆ పేజీ టేబుళ్లు కూడా ర్యామ్‌లోనే ఉన్నాయి, కాబట్టి అవి కూడా ఆ మ్యాప్‌లోకి వస్తాయి. అంటే ఇల్లు కడుతూనే, ఇంట్లో ఏ గోడలని ముట్టుకోకూడదో ఆ గోడలకి తాళం వేసుకుంటూ పోవాలి. ఒక్క పేజీ పొరపాటున రాయగలిగేలా మిగిలినా జెన్ దరఖాస్తు తిరస్కరిస్తుంది. అంత తొందరగా ఆగిపోతే స్క్రీన్ మీద ఎర్రర్ చూపించే డ్రైవర్ కూడా ఇంకా లేచి ఉండదు.

ప్లాటు మీద రోడ్డు

జెన్ మొదలవగానే నడిపించే మొదటి గెస్ట్‌ని డోమ్‌0 అంటారు. పరికరాలన్నీ సాధారణంగా దాని చేతిలోనే ఉంటాయి. కాబట్టి దానికి అసలు మెషీన్ ఈ820 కూడా చూపిస్తారు. ఇక్కడ ఒక తగాదా వస్తుంది. జెన్ ఇచ్చిన ప్లాట్లు 0 నుంచి వరసగా ఉన్నాయి. కానీ అసలు మ్యాప్‌లో మధ్యలో పరికరాలకి కేటాయించిన ఖాళీలు ఉన్నాయి. నెట్‌వర్క్ కార్డు ఫలానా అడ్రస్‌లో ఉందంటే అక్కడే కనిపించాలి. కానీ ఆ నంబర్ ప్లాటులో ఇప్పటికే ర్యామ్ కూర్చుని ఉంది.

పరిష్కారం వెంచర్ వాళ్లు చేసేదే. రోడ్డు పోయే ప్లాట్లని చివరికి జరపడం. లినక్స్ బూట్ మొదట్లోనే ఆ ఖాళీల్లో పడ్డ పేజీలకి మ్యాప్ చివర కొత్త నంబర్లు ఇస్తుంది. ఖాళీల్లో మాత్రం ప్లాటు నంబర్, సర్వే నంబర్ రెండూ ఒకటే అని రాసుకుంటుంది. మరి జరపాల్సిన ప్లాట్లలో ఇనిట్‌ఆర్‌డీ ఉంటే? ఆ పెద్ద పట్టికే ఉంటే? ముందు వాటిని వేరే చోటికి మోసుకెళ్లాలి. ఈ మోతలకి కోడ్ 2015లో లినక్స్‌లోకి వచ్చింది. కెర్నెలే రోడ్డు మీద పడితే? కాళ్ల కింద నేలని తనే లాక్కోలేదు. అప్పుడు తగాదా ఉందని ఒక లైన్ చెప్పి బూట్ ఆపేసేది. తప్పు మ్యాప్‌తో ముందుకెళ్లి ఎప్పుడో డేటా పాడుచేయడం కన్నా మొదట్లోనే ఆగిపోవడం మేలని.

హార్డ్‌వేర్ సాయం వచ్చాక ఈ పద్ధతి వాడకం తగ్గింది. 2006లో జెన్ మీద మొదలైన అమెజాన్ ఈసీ2, 2017 నుంచి కొత్త మెషీన్లని కేవీఎం ఆధారంగా ఉన్న నైట్రో వైపు మళ్లించింది. 32 బిట్ జెన్ పారావర్చువల్ గెస్టుల మద్దతుని 2020లో లినక్స్ 5.9 నుంచి తీసేశారు.

ఇప్పుడు గెస్ట్ వంతు

ఇంతవరకు చూసినదాంట్లో నమ్మకం ఒకవైపే ఉంది. హైపర్‌వైజర్ గెస్ట్‌ని అస్సలు నమ్మదు, ప్రతి దరఖాస్తూ తనిఖీ చేస్తుంది. గెస్ట్ మాత్రం పైవాడు ఏ పహాణీ ఇస్తే అది కళ్లకద్దుకుంటుంది. క్లౌడ్‌లో ఆసుపత్రి రికార్డులో, బ్యాంకు లెక్కలో పెట్టినప్పుడు ఇది సరిపోతుందా? హైపర్‌వైజర్‌నే ఎవరైనా హ్యాక్ చేస్తే?

అందుకే ఏఎండీ ఎస్ఈవీ-ఎస్ఎన్‌పీ, ఇంటెల్ టీడీఎక్స్ వచ్చాయి. వీటిలో గెస్ట్ మెమరీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. బూట్‌లో కూడా కొత్త అడుగు చేరింది. మ్యాప్‌లో పేజీ ఉన్నంత మాత్రాన గెస్ట్ తన రహస్య డేటాకి వాడదు. ముందు "ఈ పేజీని నేను స్వీకరిస్తున్నాను" అని ప్రాసెసర్ సాక్షిగా ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక హైపర్‌వైజర్ దాని కిందున్న అసలు పేజీని చాటుగా మార్చి ఇంకోటి పెడితే, పాత ఒప్పుకోలు దానికి చెల్లదు. మోసం బయటపడుతుంది.

చిక్కేమిటంటే, వందల జీబీల మెమరీని బూట్‌లోనే పేజీ పేజీగా ఒప్పుకుంటూ కూర్చుంటే చాలా సమయం పడుతుంది. అందుకే యూఈఎఫ్ఐ 2.9లో "ఇంకా స్వీకరించని మెమరీ" అని ఒక కొత్త రకమే చేర్చారు. 2023లో లినక్స్ 6.5 దాన్ని అర్థం చేసుకోవడం మొదలుపెట్టింది. బూట్‌కి కావాల్సినంత ముందు స్వీకరించి, మిగతాది అవసరం వచ్చినప్పుడు స్వీకరించవచ్చు. ఇరవై ఏళ్ల కింద జెన్ గెస్ట్ చేతిలో పెట్టిన కాగితాన్ని గెస్ట్ మారు మాట్లాడకుండా తీసుకుంది. ఇప్పటి గెస్ట్ సంతకం పెట్టే ముందు చదువుతోంది.

ఓఎస్ ల్యాబ్‌లో ఈసారి వర్చువల్ మెషీన్ తెరిచినప్పుడు డీమెస్‌జీ కొట్టి, మొదటి యాభై లైన్లు చదవండి. ఈ820 పట్టిక కనిపిస్తుంది. ఏది వాడుకోవచ్చు, ఏది రిజర్వు, ఎంత పోయింది అని కాగితం మీద కూడి చూడండి. లెక్క మొత్తం కుదరకపోవచ్చు, కానీ ఆ పట్టిక ఎవరు రాసి ఇచ్చారో మాత్రం ఇప్పుడు మీకు తెలుసు.